సబ్సిడీ ఉంటే కొత్త యంత్రం పుడుతుందా, ఆగిపోతుందా? గాలి, సౌర విద్యుత్ కంపెనీలపై చర్చ

రామగిరి_గాలి:
అందరికీ నమస్కారం. నేను గాలిమరల నిర్వహణ విభాగంలో పనిచేస్తున్నాను, ఎక్కువ కాలం అనంతపురం జిల్లాలోనే. ఈ మధ్య మా బృందంలో పెద్ద వాదన జరిగింది. ప్రభుత్వ సబ్సిడీ లేకపోతే ఈ రంగంలో ఏ కంపెనీ కొత్త యంత్రం తయారు చేసేది కాదని ఒకరు, సబ్సిడీ దొరికినంత కాలం ఎవరూ కొత్తగా ఆలోచించరని మరొకరు. నేను కళ్లారా చూసినదానికి ఈ రెండు మాటలూ సరిపోవడం లేదు.

రామగిరి కొండల మీద 1990ల్లో నిలబెట్టిన మరలు మీలో కొందరైనా చూసి ఉంటారు. రెండు మూడు వందల కిలోవాట్ల యంత్రాలు, పొట్టి రెక్కలు, తక్కువ ఎత్తు టవర్లు. అప్పట్లో గాలిమర కొన్న కంపెనీ దాని ఖరీదు మొత్తాన్ని మొదటి ఏడాదే తరుగుదల (యంత్రం విలువ తగ్గినట్టు రాసే ఖర్చు) కింద చూపించి, ఆ మేరకు పన్ను తగ్గించుకునేది. ఆ మర ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇచ్చిందో యజమాని అడిగే మొదటి ప్రశ్న కాదు. ఇప్పుడు మన దేశంలోనే 140 మీటర్ల టవర్లు, 144 మీటర్ల వ్యాసంతో తిరిగే రెక్కలు వచ్చేశాయి. తక్కువ గాలిలోనూ తిరుగుతాయి. ఇంత మార్పు సబ్సిడీ వల్ల వచ్చిందా, సబ్సిడీ పోవడం వల్ల వచ్చిందా? తెలిసినవారు వివరంగా రాయండి.

ఆడిటర్_విజయవాడ:
పన్ను సంగతి నేను చెబుతాను. తరుగుదల రాయితీ అంటే పన్ను మాఫీ అని చాలామంది అనుకుంటారు. అది వాయిదా మాత్రమే. ఉదాహరణకు 10 కోట్ల మర కొన్నారనుకోండి. 80 శాతం తరుగుదల ఉన్న రోజుల్లో మొదటి ఏడాదే 8 కోట్లు లాభంలోంచి తీసేయవచ్చు. పన్ను రేటు 33 శాతమైతే ఆ సంవత్సరం రెండున్నర కోట్లకు పైగా చేతిలో మిగులుతుంది. తర్వాతి ఏళ్లలో ఆ మేరకు తరుగుదల ఉండదు కాబట్టి పన్ను పెరుగుతుంది. అయినా ఈ రోజు చేతిలో ఉన్న డబ్బు విలువ వేరు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆస్తిని ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే వస్తుంది. అందుకే సెప్టెంబరు 30 లోపు ఎలాగైనా మర తిప్పి చూపించాలనే తొందర ఉండేది. అది తప్పితే మార్చి 31. మా దగ్గరికి వచ్చే పారిశ్రామికవేత్తలు అడిగేది ఒక్కటే, ఏ తేదీకి ప్రారంభ ధ్రువపత్రం వస్తుందని. రెక్క పొడవెంత, ఆ కొండ మీద గాలి వేగమెంత అని అడిగినవారు నాకు గుర్తు లేరు. కొనేవాడే అడగని గుణం మీద తయారీదారు పరిశోధన ఖర్చు ఎందుకు పెడతాడు?

సుధ_కాకినాడ:
ఆడిటర్ గారూ, మీరు చెప్పిన పరిస్థితే 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో నడిచింది. అక్కడ కేంద్రం, రాష్ట్రం ఇచ్చిన పన్ను రాయితీలు కలిపితే పెట్టుబడిలో దాదాపు సగం వెనక్కి వచ్చేది. యంత్రం పెడితే చాలు, తిరగాలన్న షరతు లేదు. డాక్టర్లు, లాయర్లు పన్ను తప్పించుకోవడానికి వాటాలు కొన్నారు. సరిగా పరీక్షించని మరలు వేల సంఖ్యలో కొండలెక్కాయి. చాలావాటి రెక్కలు విరిగాయి, గేర్‌బాక్సులు పోయాయి.

అదే కాలంలో డెన్మార్క్ ఏం చేసిందో చూడండి. 1978లో రిసో అనే చోట గాలిమరల పరీక్షా కేంద్రం పెట్టారు. 1979 నుంచి మర కొనేవారికి ఖరీదులో 30 శాతం సబ్సిడీ ఇచ్చారు, కానీ ఆ కేంద్రం ధ్రువపరిచిన యంత్రానికే. తుఫాను గాలిలో మర అదుపు తప్పకుండా ఉండాలంటే మామూలు బ్రేకుతో పాటు రెక్కలతోనే వేగాన్ని ఆపే మరో ఏర్పాటు ఉండాలని పట్టుబట్టారు. తయారీదారుల్లో చాలామంది వ్యవసాయ పనిముట్లు చేసుకునే చిన్న సంస్థలవారు. వారికి సబ్సిడీ కావాలంటే పరీక్ష నెగ్గక తప్పదు. నన్ను బాగా ఆకట్టుకున్నది మరొకటి. అక్కడి మరల యజమానుల సంఘం ఏ యంత్రం ఎన్ని యూనిట్లు ఇచ్చిందో నెలనెలా తమ పత్రికలో అచ్చు వేసేది. ఎవరి మర ఎలా పనిచేస్తోందో ఊరందరికీ తెలిసేది. ఆ సబ్సిడీని ఏటా కొంత తగ్గిస్తూ 1989కి ఆపేశారు.

కాలిఫోర్నియా కొండల మీద చివరికి గట్టిగా నిలబడి తిరిగినవి ఎక్కువగా డెన్మార్క్ మరలే. ఇదే కాలంలో జర్మనీ ప్రభుత్వం పరిశోధనకు నేరుగా డబ్బిచ్చి 'గ్రోవియాన్' అనే 3 మెగావాట్ల మహా యంత్రాన్ని కట్టించింది. అది కొన్ని వందల గంటలు తిరిగి మూలపడింది. పెద్ద ప్రయోగశాల చేయలేని పనిని చిన్న కమ్మరి కొట్టాలు చేశాయంటే కారణం, వాటికి ప్రతి ఏడాదీ కొనేవారుండేవారు, ప్రతి లోపమూ వారి దాకా తిరిగి వచ్చేది.

డిస్కం_విశ్రాంత:
సుధ గారు బాగా చెప్పారు. అయితే డెన్మార్క్ కథలో ఒక పేజీ వదిలేశారు. కాలిఫోర్నియా రాయితీలు 1985 చివర ఆగగానే అక్కడికి మరలు పంపుతున్న డెన్మార్క్ కంపెనీ వెస్టాస్ 1986లో దివాలా తీసింది. అంత మంచి యంత్రం చేసిన కంపెనీ కూడా వేరే దేశపు పన్ను చట్టం మీద ఆధారపడి బతికింది. మన దేశంలోనూ అంతే. 2012లో తరుగుదల రాయితీ, యూనిట్‌కు ఇచ్చే ప్రోత్సాహకం రెండూ ఒకేసారి ఆగాయి. 2011-12లో 3,200 మెగావాట్ల దాకా కొత్త మరలు వస్తే, మరుసటి ఏడాది 1,700కు పడిపోయాయి. ఇలా ఆగి ఆగి నడిచే వ్యాపారంలో ఏ కంపెనీ అయినా మొదట ఇంటికి పంపేది పరిశోధన విభాగంవారినే.

రామగిరి_గాలి:
డిస్కం గారూ, అది నిజం. ఆ ఏడాది మా సైట్లోనూ కొత్త పని లేదు. అయితే మీరు ప్రస్తావించిన యూనిట్ ప్రోత్సాహకం గురించి కొంచెం ఆగి చూడాలి. 2009లో తెచ్చారు. గ్రిడ్‌కు పంపిన ప్రతి యూనిట్‌కూ 50 పైసలు, తరుగుదల రాయితీ తీసుకోనివారికి మాత్రమే. అప్పటి నుంచే పన్ను కోసం కాక కరెంటు అమ్ముకోవడానికి మరలు పెట్టే కంపెనీలు ఈ రంగంలోకి ఎక్కువగా వచ్చాయి. వారు రాగానే మా పని తీరు మారిపోయింది. పాత యజమానులకు మర ఆగిపోతే మరుసటి వారం చెప్పినా సరిపోయేది. కొత్తవారు గాలి సీజన్‌లో ఒక పూట ఆగినా కారణం రాతపూర్వకంగా అడిగేవారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే గాలే ఏడాది ఆదాయంలో సింహభాగం కదా.

యంత్రాల్లోనూ ఆ తేడా కనిపించింది. మన గాలి బలహీనం. ఐరోపా సముద్ర తీరానికి చేసిన మర ఇక్కడ సగం రోజులు ఊరికే నిలబడుతుంది. జనరేటర్ అదే ఉంచి రెక్క పొడవు పెంచడం, టవరు ఎత్తు పెంచడం మన గాలికి అవసరమైన మార్పు. మన దేశపు మరల కంపెనీ సుజ్లాన్ 2.1 మెగావాట్ల తరగతిలోనే 97 మీటర్ల వ్యాసం నుంచి 111కు, తర్వాత 120కి వెళ్లింది. యూనిట్ లెక్కన డబ్బు రాకపోతే ఈ ఖర్చు ఎవరికీ గిట్టుబాటు కాదు.

తడ_శ్రీధర్:
యూనిట్ లెక్క మంచిదే. కానీ దాని పేరుతో 2017లో జరిగినది నేను మరచిపోలేను. ఫిబ్రవరి 2017లో గాలి విద్యుత్‌కు దేశంలో మొదటి వేలం జరిగింది, అంటే అందరికన్నా తక్కువ ధరకు కరెంటు ఇస్తానన్నవారికే ఒప్పందం. ధర 3 రూపాయల 46 పైసలకు వచ్చింది. రాష్ట్రాలు అప్పటిదాకా ఇస్తున్న నిర్ణీత ధరలకు ఒప్పందాలు ఆపేశాయి. 2016-17లో సుమారు 5,500 మెగావాట్లు పెట్టిన దేశం తర్వాతి ఏడాది 1,800 కూడా పెట్టలేదు.

మా తడ దగ్గర రీజెన్ పవర్‌టెక్ అనే కంపెనీ గేర్‌బాక్స్ లేని మరలు చేసేది. గాలిమరల్లో పాడైతే ఎక్కువ రోజులు మరను ఆపేసేది, బాగుచేయడానికి పెద్ద క్రేన్ కావలసింది గేర్‌బాక్స్. అది అసలు లేని యంత్రం చేయడం చిన్న విషయం కాదు. ఆ కంపెనీ 2019లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అందులో వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కానీ మార్కెట్ ఒక్క ఏడాదిలో మూడో వంతుకు కుదించుకుపోతే భిన్నమైన సాంకేతికత ఉన్న చిన్న కంపెనీయే ముందు పడిపోతుంది, అప్పు తట్టుకోగల పెద్ద కంపెనీ మిగులుతుంది. ఆ కంపెనీ వచ్చిన కొత్తలో మా ఊరి పిల్లలు చాలామంది అక్కడే వైండింగ్ పని నేర్చుకున్నారు. ఇప్పుడు వారి నైపుణ్యం ఎవరికి పనికొస్తోంది?

సుధ_కాకినాడ:
శ్రీధర్ గారూ, మీ బాధ అర్థమైంది. వేలం వద్దని నేను అనను. దాన్ని ముందుగా ప్రకటించి, రెండు మూడేళ్లపాటు నిర్ణీత ధరను మెట్లు మెట్లుగా దించుతూ తెచ్చి ఉంటే కంపెనీలకు ఊపిరి ఆడేది. వేలంలో మరీ తక్కువకు పాడేవారితో మరో చిక్కు. 2015 నవంబరులో మన కర్నూలు జిల్లా గని సోలార్ పార్కులో 500 మెగావాట్లకు సన్‌ఎడిసన్ 4 రూపాయల 63 పైసలకు పాడినప్పుడు పత్రికలన్నీ రికార్డు అన్నాయి. అయిదారు నెలల్లో అమెరికాలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

సెల్‌లైన్_మహేశ్వరం:
ఇప్పటివరకు గాలి గురించే నడిచింది. సౌర విద్యుత్ సంగతి నేను చెబుతాను. నేను హైదరాబాదు శివార్లలో సోలార్ సెల్ తయారీలో పనిచేస్తున్నాను. కంపెనీ పేరు రాయను.

చైనా సబ్సిడీ ఇచ్చి గెలిచిందని అందరూ అంటారు. ఏ సబ్సిడీతో గెలిచిందో చూడరు. 2009లో 'గోల్డెన్ సన్' పథకం తెచ్చారు. పెట్టిన కిలోవాట్లను బట్టి ఖర్చులో సగానికి పైగా ముందే ఇచ్చేశారు. ఫలితం కాలిఫోర్నియాలో ఏమైందో అదే. నాసిరకం ప్యానెళ్లు పెట్టి డబ్బు తీసుకున్నారు, కొన్నిచోట్ల గ్రిడ్‌కు కలపనే లేదు. 2013లో దాన్ని ఆపేశారు. 2015లో 'టాప్ రన్నర్' మొదలుపెట్టారు. షాంసీ రాష్ట్రంలో దాతోంగ్ అనే బొగ్గు గనుల ప్రాంతంలో మొదటి పార్కు. షరతు ఏమిటంటే ప్యానెల్ సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మార్చే వంతు, మోనో (ఒకే స్ఫటికం సిలికాన్) రకానికి 17 శాతం, పాలీ (అనేక స్ఫటికాల సిలికాన్) రకానికి 16.5 శాతం దాటాలి, లేకపోతే ఆ పార్కులో అడుగు పెట్టడానికి లేదు. అప్పటి సాధారణ సరుకు ఆ గీతకు కిందే ఉంది. సామర్థ్యం పెంచే పెర్క్ అనే సెల్ నిర్మాణం ఆస్ట్రేలియాలో మార్టిన్ గ్రీన్ బృందం 1980ల్లోనే ప్రయోగశాలలో చేసి చూపించింది. ముప్పై ఏళ్లకు అది ప్రతి కర్మాగారంలోకి వచ్చిందంటే అందులో ఆ గీతకు పెద్ద పాత్ర ఉంది.

మన దేశంలో సోలార్ ప్యానెళ్ల తయారీకి ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాన్ని రాసినవారు ఈ పాఠం చదివే రాశారని నాకు అనిపించింది. 2021లో మొదటి విడత 4,500 కోట్లు, 2022లో రెండో విడత 19,500 కోట్లు. అమ్మిన సరుకుకే డబ్బు. సామర్థ్యం ఎక్కువైతే ఎక్కువ. వేడికి సామర్థ్యం తగ్గే రేటు తక్కువైతే ఎక్కువ. రాయలసీమలో మే నెల మధ్యాహ్నం ప్యానెల్ వెనక చెయ్యి పెట్టలేము, 65 డిగ్రీలు సులువుగా ఉంటుంది. ప్రయోగశాల పరీక్ష 25 డిగ్రీల దగ్గర. అంటే 40 డిగ్రీల తేడా. పెర్క్ సెల్ డిగ్రీకి సుమారు 0.35 శాతం పోగొట్టుకుంటుంది, దాని తర్వాతి తరమైన టాప్‌కాన్ సెల్ సుమారు 0.30. మొదటిదానికి 14 శాతం నష్టం, రెండోదానికి 12. ఆ రెండు శాతం కోసం మేము కొత్త బోరాన్ కొలిమి, నానోమీటరున్నర మందం ఆక్సైడ్ పొర వేసే యంత్రం తెచ్చుకుంటున్నాం.

నా బెంగ ఇక్కడే. ఆ యంత్రాలు చేసేది మేము కాదు. దాదాపు అన్నీ చైనా నుంచే వస్తాయి. బిగించడానికి వారి ఇంజనీర్లు రావాలి, వీసా ఆలస్యమైతే యంత్రం పెట్టెలోనే ఉంటుంది. రెసిపీ కూడా వారిదే. మేము నేర్చుకుని స్థిరపడేలోపు తర్వాతి తరం వచ్చేస్తోంది. ప్రోత్సాహకం సరుకుకు ఇస్తున్నారు, సరుకు చేసే యంత్రానికి ఇవ్వడం లేదు.

మాధవి_లైప్‌జిగ్:
మహేశ్వరం గారు చెప్పిన చివరి మాట నేను ఇక్కడ జర్మనీలో అటువైపు నుంచి చూశాను. 2000లో వచ్చిన చట్టం సౌర విద్యుత్‌కు యూనిట్‌కు సుమారు 50 సెంట్లు, 20 ఏళ్లపాటు గ్యారంటీ ఇచ్చింది. ఆ డబ్బు ప్రజల కరెంటు బిల్లుల్లోంచే వచ్చేది. 2002 నుంచి కొత్తగా కలిసేవారికి ఏటా 5 శాతం తగ్గుతుందని చట్టంలోనే రాశారు. మా ఊరికి దగ్గర్లోని టాల్‌హైమ్‌లో క్యూ-సెల్స్ ప్రపంచంలోనే అతి పెద్ద సెల్ తయారీదారు అయింది. 2012 ఏప్రిల్‌లో దివాలా తీసింది, కొరియా కంపెనీ హన్వా కొనుక్కుంది.

కారణాలు చాలా రాస్తారు. నాకు ముఖ్యంగా కనిపించేది, ధర అంత గట్టిగా ఉన్నప్పుడు చేతిలో ఉన్న ఉత్పత్తి లైన్‌కు నకలుగా ఇంకో లైన్ పెట్టడమే అందరికన్నా లాభం. ఎంత చేసినా అమ్ముడుపోయే రోజుల్లో డబ్బంతా విస్తరణకే పోయింది. చైనావారు పెద్ద ఎత్తున వచ్చేసరికి ఇక్కడివారి దగ్గర వేరుగా నిలబెట్టే సెల్ లేదు. నిజంగా కొత్తదనం చూపింది ఇక్కడి యంత్ర తయారీదారులు. వారు ఆ యంత్రాలను చైనాకు అమ్మారు.

డిస్కం_విశ్రాంత:
అంటే జర్మనీ ప్రజలు బిల్లుల్లో కట్టిన డబ్బు వృథా అయినట్టేనా?

మాధవి_లైప్‌జిగ్:
కంపెనీల వైపు నుంచి చూస్తే చాలావరకు చేజారింది. ప్రపంచం వైపు నుంచి చూస్తే కాదు. 2010లో భారత్‌లో మొదటి సౌర వేలంలో సగటు ధర 12 రూపాయలు దాటింది. 2017 మేలో రాజస్థాన్ భడ్లాలో 2 రూపాయల 44 పైసలు. ఆ ఏడేళ్ల పతనం వెనక జర్మన్ గృహస్థుల కరెంటు బిల్లులు ఉన్నాయి. అది కలిగిన దేశం మోయగలిగింది. మన డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) మోయలేవు, అది మీకే బాగా తెలుసు.

డిస్కం_విశ్రాంత:
తెలుసు. అందుకే ఆంధ్రలో 2019 సంగతి రాస్తాను. గాలి విద్యుత్‌కు యూనిట్ 4 రూపాయల 84 పైసల పాత ఒప్పందాలు ఉండగా వేరే చోట 2 రూపాయల 43 పైసలకు పాడారు. అప్పుల్లో ఉన్న డిస్కంకు ఆ తేడా ఎంత బరువో లోపల పనిచేసినవారికే తెలుస్తుంది. ప్రభుత్వం పాత ఒప్పందాలను సమీక్షిస్తానంది. విషయం హైకోర్టుకు వెళ్లింది. మధ్యంతరంగా గాలికి 2.43, సౌరానికి 2.44 చొప్పున చెల్లించమన్నారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందం ధరే చెల్లించాలని తీర్పు ఇచ్చింది. మధ్యలో దాదాపు మూడేళ్లు బకాయిలు. ఇవ్వలేని మాట ఇవ్వకూడదు. ఇచ్చాక మార్చకూడదు. ఉద్యోగంలో ఉండగా ఈ మాట నేను గట్టిగా అనేవాణ్ని, ఇప్పుడూ అంటాను. కొత్త యంత్రంతో ప్రయోగం చేసే కంపెనీకి బ్యాంకు అప్పు ఇవ్వాలంటే, నెలనెలా బిల్లు వస్తుందన్న నమ్మకం ముందు కావాలి.

ఆడిటర్_విజయవాడ:
షరతు రాయడంలో చిన్న సందు ఉంటే మొత్తం పరిశ్రమ అటే పోతుందని చెప్పడానికి మన జాతీయ సౌర మిషన్ మొదటి దశ చూడండి. 2010లో స్ఫటిక సిలికాన్ ప్యానెళ్లు స్వదేశీవే వాడాలన్నారు. పలుచని పొర (థిన్ ఫిల్మ్) రకానికి ఆ షరతు పెట్టలేదు. తమ దేశపు ఎగుమతులకు అప్పులిచ్చే అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పు ఇస్తానంది, అక్కడి పలుచని పొర ప్యానెళ్లు కొంటే. ప్రపంచ మార్కెట్లో చిన్న వాటా ఉన్న ఆ రకం మన దగ్గర ఆ దశలో సగానికి పైగా ఆక్రమించింది. స్వదేశీ సెల్ కంపెనీలను నిలబెట్టాలని పెట్టిన నిబంధన వారికే ఆర్డర్లు లేకుండా చేసింది. చివరికి 2016లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఆ కేసు కూడా ఓడిపోయాం.

కదిరి_రైతు:
పెద్దలందరికీ నమస్కారం. కంపెనీల సంగతి నాకు అంతగా తెలియదు. రైతులకు సబ్సిడీ మీద సౌర పంపులిచ్చే కుసుమ్ పథకంలో మా అన్నగారి పొలంలో 5 హెచ్‌పీ సౌర పంపు వేయించాం. ప్యానెళ్లు బాగున్నాయి. బాధ ఎక్కడంటే, వేరుశనగ తీసేశాక నెలల తరబడి ఎండ వృథాగా పోతుంది. అదే ప్యానెళ్లతో గడ్డి కోసే యంత్రం, పిండి మర నడిపే కంట్రోలర్ ఉందని విన్నాం. సరఫరా చేసినవారిని అడిగితే టెండరులో అది లేదు, ఇవ్వలేం అన్నారు. తర్వాత కంట్రోలర్ బోర్డు పోతే మనిషి రావడానికి పంట ఎండే దాకా పట్టింది. పంపుకు డబ్బు పెట్టిన రోజే ముట్టింది కదా, ఇక వారికేం తొందర?

సెల్‌లైన్_మహేశ్వరం:
రైతుగారూ, మీరు విన్నది నిజమే. అలాంటి కంట్రోలర్‌కు కేంద్ర మంత్రిత్వ శాఖ ప్రమాణాలు కూడా ఇచ్చింది. పంపులకు హెచ్‌పీ చొప్పున, అందరికన్నా తక్కువ ధర చెప్పినవారికి ఆర్డరు ఇస్తే, ఎక్కువ పని చేసే కంట్రోలర్ తయారు చేసిన కంపెనీ టెండరులోనే ఓడిపోతుంది. ఇళ్ల మీది ప్యానెళ్లకూ అంతే. సూర్యఘర్ పథకంలో సబ్సిడీ 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన 78 వేలు. నీడ పడని చోట సరైన కోణంలో బిగించినవారికీ, నీళ్ల ట్యాంకు పక్కన బిగించినవారికీ ఒకే మొత్తం.

ఇంకొకటి. ప్రభుత్వం ఆమోదించిన ప్యానెళ్ల జాబితాకు 2023లో కనీస సామర్థ్యం పెట్టారు. పెద్ద ప్లాంట్లకు 20 శాతం, ఇళ్లకూ పంపులకూ 19.5. గీత గీయడం మంచి పని. కానీ అప్పటికే మార్కెట్లో 21 శాతం దాటినవి మామూలుగా దొరుకుతున్నాయి. గీత మార్కెట్‌కు ముందు ఉండాలి, వెనక కాదు. పైగా 2022 నుంచి దిగుమతి ప్యానెళ్ల మీద 40 శాతం సుంకం ఉంది. ఈ గోడ లోపల ఉన్నన్ని రోజులైనా గీతను ఏటా కొంత పైకి జరపకపోతే మేమంతా పాత రకం సరుకే చేసుకుంటూ హాయిగా ఉండిపోతాం.

తడ_శ్రీధర్:
గీత పైకి జరిపితే మళ్లీ చిన్నవారే పోతారు.

సెల్‌లైన్_మహేశ్వరం:
ఎంత, ఎప్పుడు అన్నది నాలుగేళ్ల ముందే ప్రకటిస్తే పోరు. యంత్రం ఆర్డరు పెట్టి, బిగించి, దిగుబడి స్థిరపడటానికి మాకు కావలసింది రెండేళ్లు.

రామగిరి_గాలి:
ఈ చర్చలో నాకు దొరికిన పనికొచ్చే విషయం సుధ గారు చెప్పిన డెన్మార్క్ పద్ధతి. సబ్సిడీ తీసుకున్న ప్రతి మర, ప్రతి పంపు, ప్రతి ఇంటి ప్లాంటు నెలకు ఎంత ఇచ్చిందో తయారీదారు పేరుతో సహా బయట పెట్టమని అడుగుదాం. మరలన్నింటికీ కంట్రోల్ గదిలో పది నిమిషాలకొకసారి లెక్క నమోదవుతూనే ఉంది. కుసుమ్ పంపులకూ దూరం నుంచి చూసే మీటర్ పెట్టాలన్న నిబంధన ఉంది.

ఆడిటర్_విజయవాడ:
కంపెనీలు వ్యాపార రహస్యం అంటాయి. మా ఖాతాదారులే ఒప్పుకోరు.

సుధ_కాకినాడ:
సొంత డబ్బుతో పెట్టుకున్నవారిని అడగడం లేదు కదండీ. ప్రజల డబ్బు తీసుకునే దరఖాస్తులోనే ఆ షరతు ఒక వాక్యం చేర్చవచ్చు. ముసాయిదా నేను రాస్తాను. రైతుగారూ, మీ పంపు మీటర్‌లో నెలవారీ లెక్క కనిపిస్తే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, దానితోనే మొదలుపెడదాం.

కదిరి_రైతు:
తప్పకుండా అమ్మా. మీటర్ పెట్టె తాళం సరఫరాదారు దగ్గర ఉంది. రేపు ఫోను చేసి అడుగుతాను.